మూడో నంబరు నిక్కరు

ఇరవై అయిదు మ్యాచ్‌లు ఆడి, ఎనిమిది గెలిచి, ఎనిమిది ఓడి, తొమ్మిది సమం చేసుకొచ్చిన జట్టుని ఏమనాలో నాకు తెలీదు. ఓడిపోయే జట్టయితే నాలుగు తిట్లు తిట్టి పడుకోవచ్చు. గెలిచే జట్టయితే ఎవరి కన్ను పడుతుందో అని భయపడుతూ కూర్చోవచ్చు. మాది రెంటికీ చెడ్డది. కర్ర విరగదు, పాము చావదు. వేసిన గోల్స్ ఇరవై తొమ్మిది, తిన్నవీ ఇరవై తొమ్మిదే. కాగితం పెన్సిలు పెట్టుకుని ఆడినా ఇంత సరిగ్గా కుదరదు.

మొత్తం పద్నాలుగు జట్లు. మొదటి ఆరు ప్లేఆఫ్‌కి వెళ్తాయి, అంటే కప్పు కోసం మళ్ళీ ఆడతాయి. మిగతావాళ్ళు ఇళ్ళకి పోతారు. మావాళ్ళు ముప్పై మూడు పాయింట్లతో ఆరో మెట్టు మీద ఒంటికాలితో నిలబడ్డారు. ఒక్క పాయింటు వెనక ఓడరేవు జట్టు. ఒక్క మ్యాచ్ మిగిలింది.

మా ఆయన బస్సు కండక్టరు. లెక్కలు ఆయన నోట్లోనే ఉంటాయి. ఆ వారమంతా మా ఇంట్లో పేపరు అంచులన్నీ ఆయన అంకెలతోనే నిండిపోయాయి.

"మనం గెలిస్తే గొడవే లేదు. సమం చేసుకుంటే ఓడరేవువాళ్ళు గెలవకూడదు. మనం ఓడితే వాళ్ళు కూడా ఓడాలి."

"అంటే మనవాళ్ళు ఏం చేసినా చెయ్యకపోయినా ఎవరో ఒకరు మన కోసం ఓడిపోవాలి. అంతేగా?"

"నీకు అర్థం కాదులే."

అర్థం కాకేం. పిల్లాడు చదవకుండా, పక్కవాడి కాగితం చూసి పాసవుతాడేమోనని ఎదురుచూడ్డం లాంటిది ఇది. కాకపోతే ఆ పిల్లల్లో ఒకడు నావాడు. అదీ నా బాధ.

మావాడిది మూడో నంబరు. గోలుకి ఎడమవైపు కాపలా. ఇరవై నాలుగేళ్ళు. ఈ సీజనుతో వాడి ఒప్పందం అయిపోతుంది. జట్టు ప్లేఆఫ్‌కి వెళ్తే ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటామని క్లబ్బువాళ్ళు నోటిమాటగా అన్నారట. ఆ ముక్క వాడు నాకు చెప్పలేదు, వాళ్ళ నాన్నకి చెప్పాడు. నాకు చెబితే నిద్రపోనని. అక్కడికి తెలీకపోతే నిద్రపోతున్నట్టు.

వాళ్ళ బట్టలు ఉతికేది నేనే. మావాడు జట్టులోకి రాకముందు నుంచీ, పద్దెనిమిదేళ్ళుగా. స్టేడియంలో మెట్ల కింద పొడుగాటి గది. మూడు మెషిన్లు, అందులో మధ్యదాని తలుపు మోకాలితో తన్నితే గానీ పడదు. గోడవారగా సిమెంటు తొట్టి, పైన ఆరేసుకునే తీగలు, ఆ మూల ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ అక్క నాకన్నా అయిదేళ్ళు పెద్ద, నోరు పదేళ్ళు పెద్ద. మా నెత్తి మీదే జనం కూర్చునే మెట్లు. గోలు పడితే సున్నం రాలి ఉతికిన బట్టల మీద పడుతుంది. ఈ సీజన్లో సున్నం బాధ పెద్దగా లేదు.

మ్యాచ్ నేను చూడను. ఎవడో వచ్చి వాడి కాలి మీద పడతాడు, వాడు లేవడు, ఆ లేవని క్షణం నా వల్ల కాదు. అందుకే కిందే ఉంటాను. అయితే బట్టలు వచ్చాక మ్యాచంతా నాకు తెలిసిపోతుంది. ఎవడు పరిగెత్తాడు, ఎవడు పరిగెత్తినట్టు నటించాడు, ఎవడు చివరి పది నిమిషాల్లో చేతులెత్తేశాడు, అన్నీ మెషిన్లో వేసేముందు చేతికి తగులుతాయి. ముందు వరుసలో గోల్స్ వెయ్యాల్సినవాడున్నాడు, తొమ్మిదో నంబరు. వాడికి మేం పెళ్ళికొడుకు అని పేరు పెట్టాం. చొక్కా వెళ్ళింది వెళ్ళినట్టు మడత నలక్కుండా వస్తుంది.

"ఇది ఉతకడం దండగ, దులిపి ఇచ్చెయ్," అంటుంది ఇస్త్రీ అక్క.

కెప్టెనుది మెడ దగ్గర ఎప్పుడూ చిరిగే ఉంటుంది. మధ్యలో ఆడేవాళ్ళవి ముందువైపు చెమట, వెనకవైపు పొడి. అంటే ముందుకి పరిగెడుతున్నారు గానీ వెనక్కి రావడం లేదు. తిన్న గోల్స్ ఇరవై తొమ్మిది ఎందుకయ్యాయో తెలుసుకోడానికి మా ఆయన అంకెలు నాకు అక్కర్లేదు.

మావాడి నిక్కరు చిన్నప్పటి నుంచీ ఒకటే తంతు. వాడు బంతిని లాక్కోడానికి ఎడమ కాలు మడిచి, ఎడమ తొడ మీద జారిపోతాడు. ఎడమవైపు తుంటి నుంచి మోకాలి దాకా పచ్చగా, నల్లగా ఒక చార. సబ్బు అరిగిపోయేది ఆ చార దగ్గరే. పంతొమ్మిదో మ్యాచ్ నుంచి ఆ చార లేదు. కుడివైపు మట్టి ఉంది, ఎడమవైపు లేదు. ఒక మ్యాచ్ అయితే సరే అనుకున్నాను. రెండు, మూడు, నాలుగు, అయిదు.

"ఏరా, ఎడమవైపు మట్టి లేదేం?" అని ఒక రోజు అన్నం పెడుతూ అడిగాను.

వాడు తింటూనే నవ్వాడు. "వానలు లేవు కదమ్మా. నేల ఎండిపోయింది."

"కుడివైపు నేల తడిగా ఉందా?"

"అమ్మా. తిననీ."

ఆ తర్వాతి మ్యాచ్‌కి ఎడమవైపు మట్టి వచ్చింది. ఆ పై మ్యాచ్‌కి కూడా. నా గుండెల మీంచి బండ దిగిపోయింది. ఆ రాత్రి వాడికి ఇంకో గరిటె అన్నం ఎక్కువే వేశాను. అనవసరంగా పిల్లాణ్ణి అనుమానించానే అనుకున్నాను.

ఇరవై అయిదో మ్యాచ్ అయిన మర్నాడు సోమవారం తొట్టి దగ్గర కూర్చుని ఆ మట్టి మీద సబ్బు పెట్టాను. ఒక్క రుద్దుకి పోయింది.

అలా పోకూడదు. జారిపడ్డ మట్టి దారంలోకి దూరుతుంది. ముందు నుంచి వెనక్కి గీసుకుపోయిన గీత ఉంటుంది, దాంతోపాటు గడ్డి పసరు. పసరు రెండు ఉతుకులకి గానీ వదలదు. దీంట్లో పసరు లేదు. గీత లేదు. మైదానంలో మట్టి నల్లగా ఉంటుంది, ఇది ఎర్రగా ఉంది. ఎర్రమట్టి ఉండేది ఒక్కచోటే, ఆటగాళ్ళ గది బయట కుళాయి కింద. సబ్బు పెట్టకుండా మిగిలిన భాగాన్ని వెలుతురులో పట్టుకుని చూశాను. నాలుగు వేళ్ళు, ఒక అరచెయ్యి.

వాడు చేత్తో రాసుకున్నాడు.

నేను అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వాడి మీద ఎంత మండిందో నా మీదా అంతే మండింది. పద్దెనిమిదేళ్ళుగా మట్టి చూస్తున్న మనిషిని, రెండు వారాలు మోసపోయాను. ఎందుకంటే మోసపోతే హాయిగా ఉంది. మట్టి కనబడగానే రుద్ది చూడకుండా మెషిన్లో పడేశాను.

ఇస్త్రీ అక్కకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "కన్నతల్లిని మోసం చెయ్యడానికి ఆ మాత్రం కష్టపడ్డాడు పాపం," అంది. తర్వాత నా మొహం చూసి కళ్ళజోడు తీసేసింది.

నిక్కరు పట్టుకుని ఇంటికెళ్ళి, వాడి ఎడమ మోకాలికి ఏదో అయిందని మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు దించలేదు.

"పోయినేడు గోల్‌కీపరుకి కామెర్లని క్లబ్బంతా చాటావు."

"చొక్కా పచ్చబడితే ఏమనుకోవాలి?"

"కొత్త గుడ్డ రంగు వదిలిందని అనుకోవాలి. అంతకుముందు కెప్టెనుకి గుండెజబ్బు అన్నావు, చెమట పట్టలేదని. ఆ రోజు అతను ఆడనే లేదు. నాకు దగ్గొస్తే క్షయ. వీడు పావుగంట ఆలస్యమైతే ఆస్పత్రులకి ఫోన్లు. ఇప్పుడు మోకాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పు?"

"కంద దురదని దాచిపెట్టి కుళాయి కింద మట్టి రాసుకుంది. అందుకు."

ఆయన పేపరు దించాడు. ఆ అంకెలన్నిట్లో మూడో నంబరు ఉన్నాడు. వాడు లేకుండా ఆయనకి ఏ లెక్కా తేలదు.

మావాడు వచ్చేసరికి చీకటి పడలేదింకా. గుమ్మం దగ్గర బూటు తాళ్ళు విప్పుతున్నాడు. కూర్చోలేదు. ఎడమ కాలు ఎత్తి స్టూలు మీద పెట్టి, వంగి విప్పుతున్నాడు. ఎన్నాళ్ళ నుంచి స్టూలు అక్కడికి వచ్చిందో అప్పుడు ఆలోచించాను. నెల అయింది. నేనే రోజూ దాన్ని మళ్ళీ వంటింట్లోకి తెచ్చుకుంటున్నాను.

"మడమల మీద కూర్చోరా," అన్నాను.

"ఏంటి?"

"కింద. గొంతుక్కూర్చో. చూస్తాను."

వాడు నా చేతిలో నిక్కరు చూశాడు. బూటు విప్పడం ఆపేశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఏం లేదు. కొంచెం పట్టేసింది."

"కొంచెం పట్టేస్తే మట్టి రాసుకుంటారా?"

"నువ్వు గోల చేస్తావనే రాసుకున్నాను. చేస్తున్నావుగా ఇప్పుడు." వాడి గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గించుకున్నాడు. "అమ్మా, ఒక్క మ్యాచ్. గెలిస్తే ఇంకొకటో రెండో. తర్వాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. కోచ్‌కి చెప్పావంటే మాత్రం..."

"చెబితే?"

"నాకు రెండేళ్ళ పని పోతుంది. దానికి నువ్వే కారణమవుతావు. అంతే."

వాడు లోపలికి వెళ్ళిపోయాడు, ఒక కాలికి బూటుతోనే. రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. చెప్పకపోతే కాలు పోతుంది. చెబితే కొడుకు పోతాడు. నాకు వచ్చే ఆలోచనలు ఎప్పుడూ అడ్డదిడ్డంగా ఉంటాయని నాకూ తెలుసు. వాడు కర్రలతో నడవడం కనబడింది, బస్సెక్కలేకపోవడం కనబడింది, మేం పోయాక వాడికి బూటు ఎవరు విప్పుతారన్న దాకా వెళ్ళాను. నూటికి తొంభై తొమ్మిది సార్లు నా భయాలు ఉత్తవే. కానీ ఆ తొంభై తొమ్మిదిసార్లూ నాకు ఆధారం ఉండేది కాదు. ఈసారి నిక్కరు ఉంది.

మంగళవారం పొద్దున్నే రెండు నిక్కర్లు పట్టుకుని కోచ్ గదికి వెళ్ళాను. ఒకటి కొత్త మట్టిది. రెండోది పాతది, పసరు చార ఎన్ని ఉతికినా పోక పక్కన పడేసింది.

కోచ్ నలభై దాటిన మనిషి. ఆ సీజన్లో జుట్టు సగం ఊడింది. గోడ మీద పలక, దాని మీద గుండ్రాలు, బాణాలు, అన్నీ చెరిపి మళ్ళీ గీసినవి. ప్లేఆఫ్‌కి పోకపోతే అతని కుర్చీ కూడా ఉండదని క్లబ్బులో తుడిచేవాళ్ళకి కూడా తెలుసు.

"చెప్పండి పిన్నిగారూ. ఎవరికి కామెర్లు?"

నేను బల్ల మీద రెండు నిక్కర్లూ పరిచాను. "ఈ రెంటికీ తేడా చూడండి బాబూ," అన్నాను.

అతను విసుగ్గానే వంగాడు. చిన్నప్పటి నుంచీ నేల మీద జారిన మనిషి అతను కూడా. పసరు చార మీద వేలు పెట్టి ముందు నుంచి వెనక్కి లాగాడు. తర్వాత ఎర్రమట్టి మీద వేలు పెట్టాడు. వేలు ఎటూ వెళ్ళలేదు. అరచెయ్యి ఆనించాడు. సరిపోయింది.

పలక మీది గుండ్రాల వైపు తిరిగాడు.

"మీకు తెలుసో లేదో, ఆ చోటికి నా దగ్గర ఇంకో మనిషి లేడు," అన్నాడు చివరికి. "పద్నాలుగో నంబరు ఒక్కడే."

పద్నాలుగో నంబరుని అందరూ తాతయ్య అంటారు. ముప్పై ఆరేళ్ళు. ఈ సీజనుతో ఆట మానేస్తానని ఎప్పుడో చెప్పేశాడు. ఏడాదంతా బెంచీ మీద కూర్చున్నాడు. అతని బట్టలు నాకు ఉతికే పనే లేదు.

"ఒక్క మ్యాచ్ పిన్నిగారూ. పట్టీ కట్టి ఆడిస్తే..."

"మీరూ ఒక్క మ్యాచే అంటారేంటి? మీ ఇద్దరూ మాట్లాడుకున్నారా?"

"లేదు. నాకు తెలీదు. ఒట్టు."

"ఇప్పుడు తెలిసింది కదా. తెలిసి ఆడిస్తే మీ ఇష్టం. నేను పైవాళ్ళ దగ్గరికేం వెళ్ళను. ఆ నిక్కరు మాత్రం ఇక్కడే వదిలి వెళ్తాను, ఉతకను."

అతను తల పట్టుకున్నాడు. తర్వాత లేచి, కిటికీ లోంచి మావాణ్ణి పిలిచాడు. వాడు వచ్చి, నన్ను చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. కోచ్ మెళ్ళో ఈల తీసి వాడి కాళ్ళ ముందు నేల మీద పడేశాడు.

"తీసివ్వు."

వాడు వంగాడు. ఎడమ కాలు కర్రలా వెనక్కి చాపి, కుడి మోకాలు మాత్రం మడిచి, గోడ పట్టుకుని ఈల అందుకున్నాడు. ఈల బల్ల మీద పెట్టేసి వాడు నా వైపు చూశాడు. ఆ చూపు నేను రాయను.

"డాక్టరు దగ్గరికి పద," అన్నాడు కోచ్, నీరసంగా.

బుధవారం మోకాలి ఫొటోలు తీశారు. డాక్టరు గోడకి తగిలించి చూపించాడు. మోకాలి కీలులో రెండు ఎముకల మధ్య నెలవంకలా ఒక మెత్తటి పొర ఉంటుందిట, అది సగం దాకా చీలింది. ఇప్పుడు కుడితే అతుక్కుంటుంది, అయిదారు నెలల్లో మళ్ళీ ఆడొచ్చు. దీని మీద ఇంకా ఆడితే కుట్టడానికి ఏమీ మిగలదు. వచ్చే సోమవారం ఖాళీ ఉంది, వస్తారా అన్నాడు.

"నడుస్తాడా?" అన్నాను.

"ఇప్పుడు కూడా నడుస్తూనే వచ్చాడు కదమ్మా."

"ప్లేఆఫ్ అయ్యాక వస్తాను," అన్నాడు మావాడు. "ఆదివారం ఆడను. సరే. దాని తర్వాతి ఆదివారానికి పట్టీ కట్టించుకుని ఆడతాను. కాలు నాది."

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీద ఫొటో వైపు చూశాను. ఇరవై నాలుగేళ్ళవాడు. సంతకం వాడిదే పెట్టాలి. చెవి పట్టుకుని లాక్కెళ్ళే వయసు కాదు. ఖాళీ మాత్రం అలాగే ఉంచమని డాక్టరుని అడిగాను, ఆదివారం సాయంత్రం దాకా.

ఆ మధ్య నాలుగు రోజులూ వాడు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే వాళ్ళ నాన్నని అడిగేవాడు. ఆయన నన్ను అడిగేవాడు. నేను ఇస్తే ఆయన అందుకుని వాడికిచ్చేవాడు. ఒక బల్ల చుట్టూ ముగ్గురం. ఆయన బస్సులో చిల్లర కూడా అంత తిప్పి ఉండడు.

ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే నేను కిందికి వెళ్ళాను. ఇస్త్రీ అక్క టీ పోస్తోంది. మ్యాచ్ మొదలైన పది నిమిషాలకి తలుపు తోసుకుని మావాడు వచ్చాడు. పైన మెట్ల మీద అందరూ కాలెలా ఉంది, ఎందుకు ఆడట్లేదు అని పీక్కుతింటున్నారట. ఇదంతా వాడు ఇస్త్రీ అక్కతో చెప్పాడు. నాతో కాదు. ఆరేసిన తువ్వాళ్ళ కింద స్టూలు లాక్కుని కాలు చాపుకుని కూర్చున్నాడు.

మా నెత్తి మీద ఆట నడుస్తోంది. కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ తెలీదు. పైన మెట్లన్నీ ఒక్కసారి గొణిగాయి.

"ఎడమవైపు నుంచి వస్తున్నారు," అన్నాడు వాడు పైకి చూస్తూ. "వాళ్ళకి తెలుసు. ముసలోడు తిరిగి రాలేడని తెలుసు."

"తాతయ్య మంచి మనిషి," అంది ఇస్త్రీ అక్క.

"మంచితనంతో బంతి ఆగదు అత్తా."

మళ్ళీ గొణుగుడు. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం నాకు తెలుసు. ఊరంతా ఒక్కసారి నోరు మూసుకుంటే అది మన గోలులో పడ్డట్టు.

వాడు తల దించుకున్నాడు. "ఎడమవైపే."

నేను మేజోళ్ళు జతలు వేస్తున్నాను. మూడు జతలు తప్పు వేశాను.

"నేనుంటే ఆ బంతి పోయేది కాదు," అన్నాడు. అయిదు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అదే, అదీ తొట్టి వైపు చూస్తూ.

"పోయేది కాదు," అన్నాను.

వాడు తలెత్తాడు. వాదిస్తాననుకున్నట్టున్నాడు.

"నువ్వుంటే జారేవాడివి. బంతి ఆగేది. నువ్వు లేచేవాడివి కాదు. నాకు రెండూ తెలుసురా. నా వల్లే మనం ఓడిపోతే ఓడిపోయాం. ఊళ్ళో తిడితే తిట్టనీ. నీకు నా మీద కోపం ఉంటే ఉండనీ, పదేళ్ళుండనీ. ఆ కోపంతో విసురుగా తలుపు తోసుకుని, నీ రెండు కాళ్ళ మీద నడిచి వెళ్ళిపోగలిగితే చాలు నాకు. కుంటుతూ కోప్పడితే నేను చూడలేను."

"రెండేళ్ళ పని అమ్మా."

"కుట్టని కాలుతో ఆ పని ఎన్నాళ్ళు చేస్తావు? రెండు ఆదివారాలు. రెండేళ్ళని రెండు ఆదివారాలకి అమ్ముతున్నావు. మీ నాన్న కండక్టరు కదా, ఇంట్లో ఎవరికీ లెక్కలు రాకుండా పోయాయి."

ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మా ఇద్దరికీ టీ గ్లాసులు అందించింది. వాడు తీసుకున్నాడు.

రెండో సగం మధ్యలో నెత్తి మీద ఉరిమినట్టయింది. సున్నం రాలి తువ్వాళ్ళ మీద, వాడి తల మీద, టీలో పడింది. సమం. పెళ్ళికొడుకు మోకాలికి తగిలి లోపలికి పోయిందట, ఆ తర్వాత తెలిసింది. అతను కొట్టను కూడా లేదు, బంతే వచ్చి తగిలింది. ఆ సీజనులో మావాళ్ళు వేసిన గోల్స్‌లో అదొక రకం.

ఇక అక్కడి నుంచి చివరి ఈల దాకా ఇటు మనవాళ్ళూ గెలవలేదు, అటు వాళ్ళూ గెలవలేదు. ఇంకో సమం. పదోది. పైన జనం లేచి వెళ్ళరు, కూర్చోరు. ఓడరేవు సంగతి తెలియాలి. ఆ ఆట అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలైందట. అంటే ఇంకో అయిదు నిమిషాలు మా బతుకులు ఎవరి కాళ్ళ దగ్గరో.

మా ఆయన తలుపు తోసుకుని వచ్చాడు, చేతిలో చిన్న రేడియో. చెవికి అదిమిపెట్టుకుని, ఒక చేత్తో మమ్మల్ని ఆగమంటూ. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఆయన మొహం చూసి నేను ఇప్పుడు ఈయనకి ఏమైనా అవుతుందేమోనని భయపడ్డాను. గుండె గట్టి మనిషి కాదు.

"పెనాల్టీ," అన్నాడు. "ఓడరేవుకి. చివరి నిమిషం." తర్వాత, "బయటికి కొట్టాడు." తర్వాత కూర్చోడానికి చోటు కోసం చూసుకుని, ఉతకాల్సిన బుట్ట మీద కూర్చున్నాడు. "వాళ్ళదీ సమం. మనం ప్లేఆఫ్‌లో ఉన్నాం."

ఎవరూ గంతులెయ్యలేదు. ఇస్త్రీ అక్క, "ఆ బయటికి కొట్టినవాడికి ఒక చొక్కా ఇస్త్రీ చేసి పంపాలి," అంది.

మొత్తం మీద చచ్చీ చెడీ ఆరో స్థానం. ముప్పై నాలుగు పాయింట్లు. మా ఆయన అప్పుడే పేపరు తీశాడు. మొదటి స్థానం వాళ్ళతో ఆట, వాళ్ళ ఊళ్ళో, ఈ ఏడు వాళ్ళ చేతిలో రెండుసార్లు ఓడాం. "అయినా ఫుట్‌బాల్లో ఏమైనా జరగొచ్చు," అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏమైనా జరగొచ్చు అన్నదే కదా నా జీవితమంతా నన్ను నిద్రపోనివ్వనిది. నన్నడిగితే గెలవరు. వెనక్కి పరిగెత్తని మధ్యవాళ్ళు, చొక్కా నలగని ముందువాడు, ఒక్కడే చిరిగిపోతున్న కెప్టెను. అది ఇరవై ఆరు వారాలుగా నా చేతికి తగులుతోంది. ఇంకో వారంలో మారదు.

బుట్టలు వచ్చాయి. మావాడు కుంటుతూ లేచి, నేను వద్దంటున్నా, పద్నాలుగో నంబరు బుట్ట దగ్గరికి లాక్కున్నాడు. తాతయ్య నిక్కరు తీసి పట్టుకున్నాడు. ఎడమవైపు పసరు, కుడివైపు పసరు, వెనకవైపు కూడా. మోకాలి దగ్గర కుట్టు విడిపోయింది. వాడు దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు, నేను చూసినట్టే, గీత ఎటు పోయిందో వేలితో వెతుకుతూ.

"ముసలోడు గోలు తిన్నాక కూడా పదిసార్లు జారాడు," అన్నాడు.

"జారాడు."

"వచ్చే ఆదివారం కూడా అతన్నే పెడతారు."

"పెట్టాలి మరి."

"ఓడిపోతారు."

"ఓడిపోతారేమో."

వాడు నిక్కరు తొట్టిలో వేసి నీళ్ళు తిప్పాడు. మా ఆయన పేపరు మీద రాయడం ఆపి వాడి వైపు చూశాడు. నేను చూడలేదు. చూస్తే ఏదో ఒకటి అనేస్తాను, అంటే చెడిపోతుంది.

"రేపు ఎన్నింటికి రమ్మన్నాడు డాక్టరు?" అన్నాడు వాడు, నీళ్ళ వైపు చూస్తూనే.

"ఏడున్నరకి."

"ఏడింటికి బయల్దేరితే చాలు."

"అయిదున్నరకే బయల్దేరదాం," అన్నాను. "బస్సు చెడిపోవచ్చు. సిగ్నల్ దగ్గర ఆగిపోవచ్చు. డాక్టరు తొందరగా వచ్చి వెళ్ళిపోవచ్చు. ఏమీ తినకుండా రమ్మన్నాడు, గుర్తుందా? నీళ్ళు కూడా. పోయినసారి నువ్వు..."

"అమ్మా."

"సరే. ఆరింటికి."